సకురా పాటల్లో ఏడిపించనివి ఏవి?

ప్రశ్న: మేం టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటున్నాం. మా పాప చదివే యోచియెన్ (జపాన్ కిండర్‌గార్టెన్) తల్లులం పదిమందిమి కలిసి మార్చి చివర్లో పూలు చూడటానికి హనామీకి వెళ్లాలనుకున్నాం. అందులో ఇద్దరం తెలుగువాళ్లం, మిగతావాళ్లు జపాన్ వాళ్లు. పాటల పని నాకు అప్పగించారు. యాప్‌లో సకురా (చెర్రీ పూలు) అని వెతికితే ఒకే పేరుతో కుప్పలుగా పాటలు వచ్చాయి. విన్నవాటిలో చాలావరకు మగవాళ్లు పాడినవే, పైగా అన్నీ ఏడుపు పాటల్లా ఉన్నాయి. నాకు జపనీస్ అరకొరగా వచ్చు. ఆడవాళ్ల గొంతులో, చెట్టు కింద కూర్చుని వినడానికి హాయిగా ఉండేవి చెప్పగలరా? నన్ను కూడా ఒకటి పాడమంటున్నారు. చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను, శ్రుతి 5. ఏ పాటైతే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీకు అలా అనిపించడంలో తప్పేం లేదు. సకురా పేరు పెట్టుకున్న పాటల్లో ఎక్కువ భాగం నిజంగానే వీడ్కోలు పాటలు. జపాన్‌లో బడి సంవత్సరం మార్చితో ముగిసి ఏప్రిల్‌లో మళ్లీ మొదలవుతుంది. కొత్త ఉద్యోగంలో చేరడం, బదిలీ మీద ఊరు మారడం కూడా ఆ రోజుల్లోనే. సరిగ్గా ఆ సందులో పూలు పూస్తాయి. మీ వీధుల్లో, కాలువ గట్ల మీద కనిపించే చెట్లలో చాలావరకు సోమెయి యోషినో రకం. ఎదో కాలం (టోక్యోను ఎదో అని పిలిచిన రోజులు, 1603–1868) చివర్లో సోమెయి ఊరి తోటమాలులు దీన్ని వ్యాప్తిలోకి తెచ్చారు. అంటు కట్టే పెంచుతారు కాబట్టి ఈ రకం చెట్లన్నీ జన్యుపరంగా ఒకటే. అందుకే వీధి వీధంతా ఒకేసారి పూస్తుంది, నిండుగా పూసిన వారానికల్లా ఒకేసారి రాలిపోతుంది. బడి వదిలే పిల్లలు, స్టేషన్లో విడిపోయే జంట, పైనుంచి రాలే రేకులు ఉంటే పాట రాసేవాళ్లకు ఇంకేం కావాలి!

ఇక మగ గొంతుల సంగతి. 2000లో ఫుకుయామా మసహరు పాడిన "సకురాజకా" ఇరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. అది టోక్యో ఒతా వార్డులో నిజంగా ఉన్న ఒక వాలు వీధి పేరు. 2003లో మోరియామా నవోతరో, కవాగుచి క్యోగో, 2005లో కెత్సుమేయిషి, కోబుకురో అందరూ "సకురా" అనే పేరుతోనే పాటలు తెచ్చారు, అన్నీ బాగా ఆడాయి. ఇప్పటికీ ఏ యాప్ తయారుచేసిన జాబితా తీసినా ముందు వరసలో ఇవే ఉంటాయి. మంచి పాటలే, కాదనం. కానీ మోరియామా పాట ఒక్క పియానో, ఒక్క గొంతు. గదిలో దీపం తగ్గించుకుని వినాల్సింది. పదిమంది బెంతో డబ్బాలు విప్పుకుని కూర్చున్న చోట ఆ పాట సగం వినపడదు, వినపడిన సగం ఎవరో ఒకరిని ఏడిపిస్తుంది. మీ బృందంలో ఈ మార్చిలోనే పిల్లలు యోచియెన్ ముగించిన తల్లులు ఉండొచ్చు. వాళ్లకు ఆ గాయం పచ్చిగానే ఉంటుంది.

(ఇక్కడ పేర్లు దాదాపు అన్నీ జపాన్ పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి రాస్తున్నాం. మన పద్ధతీ అదేగా.)

ముందు వెతకడంలో వచ్చే చిక్కు. జపనీస్‌లోని మూడు లిపులు (హిరగానా, కతకనా, కంజీ), ఇంగ్లిష్ కలిపి ఒకే మాటను నాలుగు రకాలుగా రాస్తారు. మోరియామా, కెత్సుమేయిషి పాటలు హిరగానాలో, కోబుకురో, కవాగుచి పాటలు కంజీలో, ఇకిమోనోగాకారి పాట ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో, అంజెలా అకి పాట పేరులో సకురా కతకనాలో ఉంటాయి. ఒక లిపిలో వెతికితే మిగతావి కొన్ని జారిపోతాయి. పాట పేరుతో కాకుండా గాయని పేరుతో వెతికి, ఆమె పేజీలోకి వెళ్లి, విడుదలైన సంవత్సరం సరిచూసుకోండి. సంవత్సరం చూడకపోతే చాలాసార్లు చేతికొచ్చేది ఎవరో తిరిగి పాడినదో, నిద్రపుచ్చే మ్యూజిక్ బాక్స్ రకమో అవుతుంది. ఫలహారశాలల్లో వినిపించే ఆ టింగుటింగుల రకం పది నిమిషాల్లో విసుగు పుట్టిస్తుంది.

పేరు చూసి మోసపోయేవి కూడా ఉన్నాయి. మత్సుతోయా యుమి "హారు యో, కోయ్" 1994లో అదే పేరున్న ఎన్‌హెచ్‌కే టీవీ ఉదయపు సీరియల్ కోసం వచ్చింది. సకురా పాటల జాబితాల్లో తరచూ కనిపిస్తుంది గానీ, అందులో పూసేది జించోగే. మార్చి మొదట్లో మీ అపార్ట్‌మెంట్ల ముందు పొదల నుంచి ఘాటుగా వాసన వస్తుందే, ఆ పువ్వు. స్పిట్జ్ బృందం 1996 పాట "చెరీ"లో చెర్రీ చెట్టు లేదు, వసంత గాలిలో తేలే పూరేకుల మాట ఒక్కచోట వస్తుందంతే. ఒత్సుకా ఐ "సకురాంబో" (2003) చెర్రీ పండు గురించి. అయితే ఇది మీకు పనికొచ్చే తప్పు. జపాన్‌లో ఆ వయసు ఆడవాళ్లకు అది నోటికి వచ్చిన పాట, మధ్యలో "మో ఇక్కయ్" (ఇంకోసారి) అని అందరూ కేక పెట్టే చోటుంది. పూల పాట కాకపోయినా జాబితాలో ఉంచండి.

ఇప్పుడు అసలు ఎంపిక. పాట బాగుందా లేదా అని కాదు, పువ్వు ఏ దశలో ఉండగా వింటారన్నది చూసి ఎంచుకోవాలని మా సలహా. టోక్యోలో వాతావరణ శాఖ యాసుకుని గుడిలో ఉన్న ఒక చెట్టును గుర్తుగా పెట్టుకుంది. దాని మీద ఐదారు పూలు విచ్చితే పూత మొదలైనట్టు, ఎనభై శాతం విచ్చితే నిండు పూత అయినట్టు ప్రకటిస్తారు. 1991–2020 సగటు ప్రకారం పూత మొదలయ్యేది మార్చి 24న, నిండు పూత మార్చి 31న. మీ తేదీ మార్చి చివరే కాబట్టి సరిగ్గా నడిమధ్యలో పడుతుంది. వెళ్లేముందు వారం, చెట్టు కింద గంటసేపు, రాలేటప్పుడు, రాలిన తర్వాత – నాలుగు వేరు వేరు జాబితాలు పెట్టుకోండి. ఏడుపు పాటలకు కూడా వాటి రోజులు వాటికున్నాయి, పారేయక్కర్లేదు.

పూత కోసం ఎదురుచూసే వారంలో, పొద్దున పని చేసుకుంటూ వినడానికి "హారు యో, కోయ్" మంచిదే. మాటలు పాతకాలపు కవిత్వ భాషలో ఉంటాయి కాబట్టి అర్థం కాకపోయినా బాధపడకండి. దాని తర్వాత ఇకిమోనోగాకారి "సకురా" పెట్టుకోండి. 2006 మార్చిలో వచ్చిన వాళ్ల తొలి సింగిల్ అది, పాడినది యోషియోకా కియోఎ. బృందం పెరిగింది కనగవా జిల్లా ఎబినా, అత్సుగి ప్రాంతంలో. అందుకే పాటలో ఒదాక్యూ రైలు కిటికీలోంచి ఈ ఏడు కూడా పూలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇద్దరూ కలిసి దాటిన పెద్ద వంతెన కూడా కనిపిస్తుంది. పాటలోని అమ్మాయి తనకు దూరమైన మనిషికి ఉత్తరం మొదలుపెట్టి, బాగానే ఉన్నానని రాయబోయి, ఆ చిన్న అబద్ధం అవతలివాళ్లు పట్టేస్తారని ఆగిపోతుంది. ఏడుపు పాటే, కానీ మగవాళ్ల పాటల్లోలా గతాన్ని తలుచుకుని కూలబడటం ఉండదు. గొంతు నిటారుగా నిలబడి ఉంటుంది. ఆరు నిమిషాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి చెట్టు కింద కన్నా రైల్లో బాగుంటుంది.

అసలు రోజుకు ఒక గంట జాబితా చాలు. సగటున నాలుగైదు నిమిషాల పాటలైతే పన్నెండు పదమూడు పడతాయి. మొదటి పది నిమిషాలు చాప పరచడం, బూట్లు సర్దడం, డబ్బాలు విప్పడంతోనే సరిపోతుంది. ఆ సమయంలో మాటలున్న పాట వేసి లాభం లేదు. మియాగి మిచియో 1923లో కోతో (జపాన్ తీగల వాద్యం) కోసం చేసిన "సకురా హెన్‌సోక్యోకు" వేయండి. అందరికీ తెలిసిన "సకురా సకురా" బాణీని తీసుకుని రకరకాలుగా తిప్పి వాయించే రచన. ఆ తీగల చప్పుడు వినపడగానే మీతో వచ్చిన పిల్లలు కూడా బాణీ గుర్తుపడతారు.

తర్వాత ఐకో "సకురా నో తోకి" (2000). మీరు అడిగిన "హాయి" అంటే ఇదే. చెయ్యి పట్టుకుని నడిచే సుఖమైన ప్రేమ పాట. వసంతం పోయి ఎండాకాలం వచ్చినా, రేకులు నేలలో కలిసిపోయినా ఈ రోజులాగే నన్ను ప్రేమించు అని అడుగుతుంది. పువ్వు రాలుతుందని తెలిసీ ఏడవని పాటలు చాలా తక్కువ, అందులో ఇది మొదటిది. కానీ దీన్ని పాడదామని మాత్రం అనుకోకండి. ఐకో బాణీల్లో స్వరం అనుకోని చోట అర మెట్టు జారుతుంది. వినడానికి తేలిగ్గా ఉంటుంది, కరావోకేలో మంచి మంచి గొంతులే తడబడతాయి.

యుయి పాడిన "చెరీ" (2007 మార్చి) ఫోన్‌లో సందేశం కోసం ఎదురుచూసే అమ్మాయి గురించి. ఎక్కడా బరువుండదు. ఏకేబీ48 అనే అమ్మాయిల బృందం పాటల్లో సకురా పేరుతో నాలుగైదు ఉన్నాయి. వాటిలో "జ్యూనెన్ జకురా" (2009) తీసుకోండి. పదేళ్ల తర్వాత మళ్లీ ఇక్కడే కలుద్దామని ఒట్టు పెట్టుకునే పాట. బడి వీడ్కోలే అయినా గెంతుతూ పాడతారు. అదే బృందం 2010లో తెచ్చిన "సకురా నో షియోరి" నెమ్మదైన బృందగానం, ఈ గంటకు కుదరదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకోటి పెట్టేయకండి. ఒత్సుకా ఐ పాట ఈ మధ్యలో ఎక్కడ వేసినా కుదురుతుంది.

తిండి అయ్యాక, మాటలు జోరందుకున్నాక రెండు గట్టి పాటలు వేయొచ్చు. ఒకటి "సెన్‌బోన్‌జకురా". మొదట 2011లో కంప్యూటర్ గొంతు హత్సునే మికుతో వచ్చిన పాట. మీరు వేయాల్సింది వగాక్కి బ్యాండ్ పాడింది. సుజుహానా యూకో గొంతుకు కోతో, షకుహాచి (వెదురు వేణువు), త్సుగారు షామిసెన్ (మూడు తీగల వాద్యం), పెద్ద డోలు తోడవుతాయి. మంచి వేగం. హనామీ మెత్తగా ఉండాలనుకునేవాళ్లకు నచ్చకపోవచ్చు గానీ పిల్లలకు నచ్చుతుంది.

రెండోది సకామోతో ఫుయుమి "యోజకురా ఒషిచి" (1994). దీని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇది ఆడవాళ్ల సకురా పాట అంటే. రాసినది కవయిత్రి హయాషి అమారి, బాణీ మికి తకాషిది. ఒషిచి ఎదో నగరంలో కూరగాయల వ్యాపారి కూతురు. అగ్ని ప్రమాదంలో ఇల్లు పోయి గుళ్లో తలదాచుకున్నప్పుడు అక్కడి కుర్రాడి మీద మనసు పడిందని, మళ్లీ అతన్ని చూడాలంటే మళ్లీ ఇల్లు కాలాలని తనే నిప్పు పెట్టిందని, 1683లో ఆమెను సజీవంగా దహించే శిక్ష వేశారని కథ. పాట నిప్పు దగ్గర మొదలు కాదు. ఎర్ర చెప్పు పట్టీ పుటుక్కున తెగుతుంది, దాన్ని మళ్లీ కట్టిపెట్టే చెయ్యి లేదు. అంతవరకూ నెమ్మదిగా నడిచి, అక్కణ్ణుంచి లయ ఒక్కసారిగా దూకుతుంది. ఎంకా (పాతకాలపు బాణీలో సాగే జపాన్ పాటలు) అంటే ముసలివాళ్ల పాట అనుకునేవాళ్లు కూడా ఇది వస్తే గొంతు కలుపుతారు. చీకటిపడే వేళకు, లాంతర్లు వెలిగాక వేస్తే సరిగ్గా అతుకుతుంది. పగలు వేస్తే కొంచెం తేలిపోతుంది.

స్పీకర్ గురించి. నిషికసాయ్‌కి దగ్గర్లో షింకవా సెన్‌బోన్‌జకురా గట్టు ఉంది, పక్కనే ఇళ్లుంటాయి. పెద్ద పార్కులకు ఒక్కోదానికి ఒక్కో నియమం. షింజుకు గ్యోయెన్‌లో అయితే మద్యం కూడా లోపలికి తేనివ్వరు. ఎక్కడికెళ్లినా గేటు దగ్గర బోర్డు చదివించుకుని, స్పీకర్ వద్దంటే ఊరుకోండి. వద్దనకపోతే అరచేతిలో పట్టే స్పీకర్ చాలు. దాన్ని చాప అంచున కాకుండా మధ్యలో పెట్టండి. అప్పుడు తక్కువ శబ్దంలోనే పదిమందికీ వినబడుతుంది, పక్క చాపవాళ్లకు ఇబ్బంది ఉండదు. మీ చాపకు రెండడుగుల అవతల నిలబడితే పాట ఏదో గుర్తుపట్టగలిగి, మాటలు మాత్రం అర్థం కాకుండా ఉంటే అది సరైన శబ్దం. పాటలు ముందురోజే ఫోన్‌లోకి దించుకోండి. పూల రోజుల్లో జనం కిక్కిరిసిన చోట నెట్ నత్తనడక నడుస్తుంది. ఇంకొకటి, యాప్ సెట్టింగుల్లో అన్ని పాటల శబ్దం సమానం చేసేది వెతికి ఆన్ చేయండి. అది లేకపోతే కోతో వినపడటానికి మీరు పెంచిన శబ్దంలో తర్వాతి పాట మొదలై చాప మీదివాళ్లంతా ఉలిక్కిపడతారు.

రాలే రోజులకు వేరే జాబితా. నకాషిమా మికా "సకురాయిరో మౌ కోరో" (2005) ఒక్క వసంతంతో ఆగదు. సకురా రంగు, లేత ఆకుల పచ్చ, ఎండుటాకుల రంగు, మంచు అని ఏడాదంతా తిరిగి మళ్లీ పూల దగ్గరకు వస్తుంది. ఆమె గొంతులో గాలి ఎక్కువ, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాల్సిన పాట. యోరుషికా "హారు దొరోబో" (2021) సుయిస్ గొంతులో ఉంటుంది. చెట్టు మీద మిగిలిన రేకులను మిగిలిన ఆయుష్షుతో లెక్కగడతారు, దొంగ ఎవరో మీకే తెలుస్తుంది. చెప్పే విషయం ఇంత బరువైనా బాణీ తేలిగ్గా పరుగెడుతుంది. అంజెలా అకి పియానో ముందు కూర్చుని పాడే "సకురాయిరో" (2007) కూడా ఈ రోజులకే.

ఏప్రిల్ నడిమికి యాయెజకురా, అంటే రేకులు ముద్దగా ఉండే రకాలు పూస్తాయి. అవీ అయ్యాక హితోతో యో "హనామిజుకి" (2004) వినండి. డాగ్‌వుడ్ పువ్వు అది. 1912లో టోక్యో నగరం వాషింగ్టన్‌కు మూడు వేలకు పైగా సకురా మొక్కలు పంపితే, 1915లో అమెరికా నుంచి బదులుగా వచ్చినవి డాగ్‌వుడ్‌లు. వర్జీనియాలోనో మేరీలాండ్‌లోనో మీ బంధువులుంటే వాళ్లు ఏటా చూసే టైడల్ బేసిన్ పూలు అలా వెళ్లినవే. పాట మాత్రం ఆ ఇచ్చిపుచ్చుకోవడం గురించి కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత రాసుకున్నది, నువ్వూ నువ్వు ప్రేమించేవాళ్లూ వందేళ్లు ఉండాలి అనే దీవెన. ఉతాదా హికరు "సకురా డ్రాప్స్" (2002) పేరులో సకురా ఉన్నా, అందులో కురిసేది ఎండాకాలపు వాన, విడుదలైంది మే నెలలో. దాన్ని మే దాకా దాచుకోండి.

ఇక మీరు పాడాల్సిన పాట. కరావోకే గదికి వెళ్లేదుంటే ఇకిమోనోగాకారి పాట తీసుకోవచ్చు, కానీ శ్రుతి తగ్గించాలి. రిమోట్‌లో కీ మీట ఒక్కో నొక్కుకు అర మెట్టు కదులుతుంది. చాలామంది చేసే పొరపాటు, చరణం మొదలు పాడి చూసుకుని బాగానే ఉందనుకోవడం. చరణం కింద ఉంటుంది, పల్లవి దగ్గర గొంతు చిరుగుతుంది. ముందు పల్లవి పాడి చూసి, రెండో మూడో మెట్లు దించి, అప్పుడు మొదటికి రండి. మగవాళ్ల పాట పాడాలనిపిస్తే నాలుగైదు మెట్లు పెంచి వాళ్ల స్థాయిలోనే పాడండి. అలాగే ఉంచితే చరణం మీ గొంతుకు అందనంత కిందికి పోతుంది. తెర మీద చాలా పాటలకు కంజీ పైన చిన్న హిరగానా వస్తుంది కాబట్టి హిరగానా చదవగలిగితే చాలు.

కానీ చెట్టు కింద, వాద్యం లేకుండా పాడాలంటే పాత "సకురా సకురా"నే పాడండి. సంగీతం నేర్చుకున్నానన్నారు కాబట్టి మీకు ఇది చేతికందే పాట. ఎదో కాలం నుంచి వస్తున్న కోతో బాణీ, 1888లో టోక్యో సంగీత పాఠశాల అచ్చువేసిన కోతో సంపుటిలో చేరింది. ఆగే స్వరాన్ని షడ్జంగా తీసుకుంటే వాడేవి ఐదే స్వరాలు: స, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, ప, శుద్ధ ధైవతం. "కర్ణాటక శుద్ధ సావేరి" అనే రాగం స్వరాలివి (మామూలు శుద్ధ సావేరి కాదు), హిందుస్తానీలో గుణక్రీ. కొలత పద్నాలుగు గదులు, గదికి నాలుగు దెబ్బలు, అంటే ఆదితాళంలో సరిగ్గా ఏడు ఆవర్తనాలు:

మ మ ప , | మ మ ప ,
మ ప ద ప | మ పమ రి ,
స ద స రి | స సద ప ,
మ ప ద ప | మ పమ రి ,
స ద స రి | స సద ప ,
మ మ ప , | మ మ ప ,
స రి పమ రి | స , , ,

మూడో, ఐదో వరసల్లోని ద, ప మంద్రస్థాయివి. కామా అంటే ముందు స్వరాన్నే ఇంకో దెబ్బ సాగదీయాలి, జంటగా రాసినవి అర దెబ్బ చొప్పున. మీ 5 శ్రుతిలో షడ్జం పెట్టుకుని మొదలుపెడితే మూడో వరసలో మంద్ర పంచమం అందక గొంతు గాలైపోతుంది. మధ్యమ శ్రుతిలో (మీ మధ్యమాన్నే షడ్జంగా పెట్టుకుని) పాడండి, కిందా పైనా రెండూ సరిపోతాయి. బడి పుస్తకాల్లో సాధారణంగా ఇది 3 శ్రుతిలో, మీ మధ్యమ శ్రుతికి నాలుగు అర మెట్లు పైన ఉంటుంది. మీ స్నేహితురాళ్లు మొదలుపెడితే వాళ్ల శ్రుతికే వెళ్లండి, మీరు మొదలుపెడితే వాళ్లే మీతో వస్తారు.

శిక్షణ వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. శుద్ధ రిషభం కనిపించగానే మీ గొంతు ఊగుతుంది. వద్దు. రి, ద రెండూ గీత గీసినట్టు నిలపండి. గమకం వేస్తే జపాన్ చెవికి శ్రుతి తప్పినట్టు వినబడుతుంది. "పమ" మధ్య జారు కూడా వేయకండి, రెండూ విడివిడిగా పలకాలి. వేగం విళంబం కాదు, మామూలు నడక.

ఉచ్చారణలో మనకు ఉన్న సౌలభ్యం హ్రస్వ దీర్ఘాల తేడా ఎరిగి ఉండటం. సకుర అన్న మూడక్షరాలూ హ్రస్వాలే, చివరి "ర" సాగేది స్వరం సాగడం వల్ల మాత్రమే. పొల్లు "న్" దగ్గర మాత్రం మనవాళ్లు తప్పు చేస్తారు. జపనీస్ పాటలో దానికి కూడా ఒక స్వరం దక్కుతుంది. చివరి మాట "మి ని యుకన్"లో మి – స, ని – రి, యు – పమ, క – రి, న్ – స. చివరి షడ్జం మొత్తం "న్" మీదే నిలుస్తుంది, నోరు మూసి మోగించినట్టు. "కా" అని సాగదీసి చివర్లో న్ తగిలిస్తే పాట ముగియనట్టే ఉంటుంది.

సాహిత్యం రెండు రకాలుగా ఉందన్నది ముందే తెలుసుకోండి, చాలా చోట్ల బృందగానం చెదిరేది ఇక్కడే. పాతది ఇలా:

సకుర సకుర
యయొయి నొ సొర వ
మివతసు కగిరి
కసుమి క కుమొ క
నిఒయి జొ ఇజురు
ఇజయ ఇజయ
మి ని యుకన్

1941లో బడి పాటల పుస్తకం కోసం మార్చిన దానిలో రెండో వరస "నొయమ మొ సతొ మొ", ఐదోది "అసహి ని నిఒఉ", ఆరోది మళ్లీ "సకుర సకుర", చివరిది "హనజకరి". బాణీ మారదు. రెండూ బడి పుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి పదిమందిలో సగం మంది ఒకటి, సగం మంది ఇంకొకటి అందుకోవచ్చు. రెండో వరసకే ఆ సంగతి బయటపడి అందరూ నవ్వేసి ఆగిపోతారు. ముందే ఒకరిని అడిగి, మెజారిటీకి తెలిసినది ఎంచుకుని, హిరగానాలో ఒక కాగితం మీద రాయించి తెచ్చుకోండి. "హనజకరి" అయితే చివరి షడ్జం "రి" అక్షరం మీద నిలుస్తుంది, పైన చెప్పిన న్ గొడవ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే సుళువు.

మీ తెలుగు స్నేహితురాలు కూడా పాడగలిగితే, వచ్చే ఏటికి తకి రెంతరో "హనా" (1900) చూసి పెట్టుకోండి. ఇరవై మూడేళ్లకే చనిపోయిన స్వరకర్త. సుమిదా నదిలో తెడ్డు వేసే పడవలు, గట్టు మీద పూలు, ఇద్దరు ఆడవాళ్ల గొంతులకు చక్కగా అమరే రెండు వరసల బాణీ. మూడు చరణాలూ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది గానీ, మాటను బట్టి లయలో చిన్న చిన్న తేడాలు పెట్టాడు. మొదటి చరణం నేర్చుకుని మిగతావి దాని మీదే పాడేస్తే రెండోదాని ఎత్తుగడలోనే కాలు జారుతుంది. మూడూ విడివిడిగా నేర్చుకోండి, కింది వరస మాత్రం స్వరం బాగా నిలపగలిగే వాళ్లకు ఇవ్వండి.